రేకు వెనకాల పని

విమానం ఒంటికి బొక్క పెట్టడానికి చెయ్యి అంత తొందరగా రాదు. సెస్నా 172 అనే నాలుగు సీట్ల చిన్న విమానం నడినెత్తి మీది అల్యూమినియం రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. పైన కప్పిన మూతలాగా కనిపిస్తుంది గానీ, ఎగిరేటప్పుడు వచ్చే లాగుడు, మెలిక, ఒత్తిడి అన్నిట్లో ఆ రేకు వాటా మోస్తుంది. దానికి పెట్టిన ప్రతి బొక్కా ఒక అప్పు. ఆ అప్పును అక్కడికక్కడే, వడ్డీతో సహా తీర్చగల మనిషి చేతిలోనే డ్రిల్లు ఉండాలి.

మా అన్న కొడుకు అట్లాంటి మనిషి. ఎమ్మిగనూరులో పుట్టాడు, ఆదోనిలో చదివాడు, విమానాల ఎలక్ట్రానిక్స్ పని నేర్చుకుని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాళ్లిచ్చే బీ2 లైసెన్సు తెచ్చుకున్నాడు. తన పేరు రాయొద్దన్నాడు, ఊరి పేరు మాత్రం రాయమన్నాడు. 1970ల నాటి ఒక సెస్నా శిక్షణ విమానానికి దారి చూపే యాంటెన్నాలు మార్చే పని అతని చేతికి వచ్చినప్పుడు, హ్యాంగర్‌లో నాలుగు రోజులు పక్కన నిలబడి చూశాను. మొదటి రోజు నేను విమానం చుట్టూ తిరుగుతూ పైన నిలబడ్డ పుల్లల్ని, రెక్కల్లాంటి బిళ్లల్ని లెక్కపెడుతుంటే నవ్వాడు.

"యాంటెన్నా ఏముంది చిన్నాయనా, అది కొని తెచ్చిన సరుకు. మన పని రేకు ఎనకాల ఉంటాది. టార్చి తీసుకో, లోపల జూడు."

అప్పటినుంచి నేను లోపలే చూశాను.

మా పడమటి కర్నూలు వాళ్లకు విమానం ఈ మధ్యే దగ్గరయింది. ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది, మూడు రోజులకు మొదటి ఇండిగో విమానాలు దిగాయి. ఆదోని నుంచి పత్తి వ్యాపారులు, ఎమ్మిగనూరు నుంచి బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడు ఏటీఆర్ విమానం మెట్లు ఎక్కుతున్నారు. ఎక్కేటప్పుడు తలెత్తి దాని వీపు చూసేవాళ్లు తక్కువ. చూస్తే, చిన్న విమానమైనా పెద్ద విమానమైనా వీపు మీద, పొట్ట కింద, తోక మీద మొలిచినట్టుండే ఆ ముక్కల్లో ఒక్కోటి ఒక్కో గొంతు వినడానికే ఉందని తెలుస్తుంది.

యాంటెన్నా అంటే మా తరానికి పరాయి మాట కాదు. దూరదర్శన్ రోజుల్లో ఆదోని మిద్దెల మీద ఇనుప పైపుకు కట్టిన అల్యూమినియం పుల్లల నిచ్చెనలు అడుగడుగునా ఉండేవి. ఒకరు మిద్దెపైన పైపు తిప్పడం, ఇంకొకరు కింద టీవీ ముందు నిలబడి "వచ్చె, వచ్చె, ఆడనే ఉంచు" అని అరవడం, మధ్యలో ఒకరు మెట్ల మీద నిలబడి ఆ అరుపును పైకి మోయడం. ఆ పుల్లలు ఎప్పుడూ నేలకు సమాంతరంగానే పడుకుని ఉండేవి. ఎందుకని అప్పుడు ఎవరూ అడగలేదు. దూరదర్శన్ తరంగం అడ్డంగా ఊగుతూ వచ్చేది కాబట్టి దాన్ని పట్టే పుల్ల కూడా అడ్డంగానే ఉండాలి. విమానం తోక మీద కూడా అదే లెక్క. నేల మీది వీఓఆర్ కేంద్రాలు 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య అడ్డంగా ఊగే తరంగాలు పంపుతాయి; ఏ కేంద్రానికి తాను ఏ దిక్కున ఉన్నాడో పైలట్ వాటిని బట్టే తెలుసుకుంటాడు. అందుకే వాటిని వినే పుల్లలు తోక మీద పిల్లి మీసాల్లా రెండు పక్కలకు పడుకుని ఉంటాయి. మాటలాడే రేడియో తరంగం నిలువుగా ఊగుతుంది, కనుక దాని పుల్ల విమానం నెత్తిన నిలబడి ఉంటుంది. ఇది తెలిశాక నాకు ఏ విమానాన్ని చూసినా పడుకున్న పుల్ల వినేది ఒకటి, నిలబడ్డ పుల్ల వినేది ఒకటి అని విడివిడిగా కనిపిస్తున్నాయి.

పొడవుకు కూడా లెక్క ఉంది. 113 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక అల నిడివి సుమారు 2.65 మీటర్లు. అందులో నాలుగో వంతు 66 సెంటీమీటర్లు. మీసంలో ఒక్కో పుల్ల కొలత సుమారుగా అంతే. విమానం దిగేటప్పుడు ఎంత వాలులో రావాలో చెప్పే గ్లైడ్ స్లోప్ తరంగాలు 330 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి, అంటే దాదాపు మూడు రెట్లు. పావు అలకు కోసిన పుల్ల దానికి మూడు రెట్ల తరంగాన్ని కూడా పట్టుకోగలదు. కాబట్టి చాలా చిన్న విమానాల్లో ఒకే జత మీసం ఆ రెండు పనులూ చేస్తుంది, లోపల ఒక చిన్న డబ్బా వచ్చిన దాన్ని రెండుగా పంచుతుంది. ఒకే పుల్లతో రెండు పనులు తీసుకున్న ఆ పొదుపును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఆ పాత విమానం సంగతి. తోక పైన మీసం అడుగున ఉన్న ప్లాస్టిక్ పీఠం ఎండకు పగిలి, పగుళ్లలో వాన నీరు దిగి, లోపల ఇత్తడి, అల్యూమినియం కలిసే చోట తెల్లటి బూడిద పట్టింది. కేబుల్ చివర కోసి చూస్తే, వెండిలా మెరవాల్సిన జడ తీగలు నల్లబడి ఉన్నాయి. నెత్తి మీద, దిక్కు చూపే పాత ఏడీఎఫ్ రేడియో కోసం క్యాబిన్ నుంచి తోక దాకా బారుగా కట్టిన తీగ ఒకటి ఉండేదట. తీగ ఎప్పుడో పోయింది, దాని కొక్కేలు రెండు మాత్రం మిగిలాయి. ఏ ఒక్కటీ పూర్తిగా చావలేదు. అదే ఈ పనిలోని చిక్కు. చెడిపోయిన యాంటెన్నా ఒక్కసారిగా మూగబోదు. దూరం తగ్గుతుంది, మలుపులో సూది ఒకసారి వణుకుతుంది, వానాకాలంలో ఎక్కువ తడబడుతుంది. పైలట్ రేడియో డబ్బాను అనుమానిస్తాడు. డబ్బా మార్చినా వణుకు పోదు.

తోక గొట్టంలోకి టార్చి వేసి నన్ను వంగమన్నాడు. చీకట్లో, నడుము ఎత్తున సాగిపోతున్న తీగల కట్ట. ప్రతి రెండు మూడు అంగుళాలకు ఒక ముడి, మైనం పట్టించిన సన్నటి దారంతో. పసుపు తిరిగిన ఆ దారం నలభై ఏళ్ల పైచిలుకుది. ఒక్క ముడీ జారలేదు.

"ఎవరు కట్నారో తెల్దు చిన్నాయనా. నేను దీన్ని రోజూ జూస్తా."

ఇప్పుడు చాలా చోట్ల ప్లాస్టిక్ పట్టీలు బిగించి కత్తిరించేస్తారు. ఆ పట్టీ గట్టి అంచు తీగ తొడుగును కోస్తుంది, చలికి పెళుసెక్కి తెగుతుంది, తెగిన మొన విమానం లోపల చెయ్యి పెట్టినవాడి చర్మం గీరుతుంది. మైనపు దారం మెత్తగా కరుచుకుని ఉంటుంది. వేయడానికి మాత్రం ఓపిక కావాలి: తీగల చుట్టూ రెండు చుట్లు, ఒకదాన్నొకటి తొక్కేలా ఒక మెలిక, దాని మీద చదరపు ముడి. మగ్గం మీద పడుగులో పోగు తెగితే మా నాయన అతికే ముడి గుర్తొచ్చింది. అచ్చు పళ్లలోంచి దూరిపోయేంత సన్నగా ఉండాలి, బట్ట చించితే తప్ప కనిపించకూడదు. ఆ ముడి, ఈ ముడి ఒకటి కావు. వేసే వేళ్ల నిదానం ఒకటే. మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఊళ్లో పుట్టిన పిల్లవాడికి ఆ నిదానం ఎవరూ నేర్పనక్కర్లేదని మురిసిపోయాను. అన్నానా, వాడు ఒప్పుకోలేదు. "నేర్చుకుంటేనే వచ్చింది, శానా తీగలు పాడుచేసినా" అన్నాడు.

రెండో రోజు బొక్క పెట్టారు. కొత్తగా వచ్చే జీపీఎస్ యాంటెన్నా నెత్తిన, రెక్కలకు కాస్త వెనక కూర్చోవాలి. రేకు పనిలో పండిన పెద్దాయన ఒకరు వచ్చారు. మావాడు ఆయన్ని "అన్నా" అంటూ వెనకే తిరిగాడు. గంటన్నర సేపు ఇద్దరూ డ్రిల్లు ముట్టలేదు. లోపలినుంచి పైకప్పు గుడ్డ విప్పి, ఏ పక్కటెముక ఎక్కడుందో, కంట్రోల్ తీగలు ఎటు పోతున్నాయో వేలితో తడిమారు. బయట కాగితపు అచ్చు అతికించి, లోపలినుంచి కొలిచి, బయటినుంచి కొలిచి, రెండూ కలిశాక సన్నటి బొక్క ఒకటి పెట్టారు. అందులోంచి వెలుగు లోపలికి పడింది. ఆ వెలుగు చుక్క అనుకున్న చోటే పడిందని చూసుకున్నాకే మిగతావి.

తొలిచిన చోట రేకు బలహీనపడుతుంది కదా, దానికి లోపలివైపు ఒక ముక్క వేస్తారు. దాన్ని డబ్లర్ అంటారు. చొక్కా మోచేతికి లోపల వేసే మాసికలాంటిది, కాకపోతే దీని మీద ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. 2024-టీ3 అనే గట్టి అల్యూమినియం మిశ్రమం, కనీసం పైరేకు మందంతో. మూలలు గుండ్రంగా తిప్పాలి, ఎందుకంటే ఒత్తిడి పదునైన మూలలోనే పోగై పగులు పుట్టిస్తుంది. ప్రతి రివెట్ అంచునుంచి తన వ్యాసానికి రెండింతలైనా దూరంలో ఉండాలి. రివెట్ బొక్కలు తొలిచాక డబ్లర్‌ను విడదీసి, రెండు రేకుల మధ్య మిగిలిన సన్నటి పొరను, అంచుల గరుకును గీకేస్తారు. ఈ మెట్టు ఎగ్గొట్టినా పైకి ఏమీ తెలియదు, రివెట్ బాగానే కూర్చుంటుంది. లోపల మాత్రం రేకులు ఒకదానికొకటి పూర్తిగా ఆనవు, ఆ సందులో ఏళ్ల తరబడి తేమ కూర్చుంటుంది. ఆయన ప్రతి బొక్కను రెండు వైపులా బొటనవేలితో నిమిరి చూడటం నేను గమనించాను. కళ్లద్దాలు పెట్టుకుని కూడా వేలినే నమ్మారు.

రివెట్ కొట్టడం ఇద్దరి పని. బయట ఒకరు తుపాకిలాంటి గాలి సుత్తితో తల మీద కొడతారు, లోపల ఇంకొకరు బరువైన ఉక్కు దిమ్మ ఆనిస్తారు. మధ్యలో రేకు గోడ, ఒకరికొకరు కనిపించరు, మోతలో మాట వినిపించదు. అందుకని తట్లతో మాట్లాడుకుంటారు. లోపలివాడు దిమ్మతో ఒక తట్టు తడితే ఒక అర్థం, రెండు తడితే ఇంకొకటి. సరిగ్గా పడిన రివెట్ లోపలి తల, కాడ వ్యాసానికి ఒకటిన్నర ఇంతలు వెడల్పు, సగం ఎత్తు ఉండాలి. ఇరవైకి పైగా కొట్టారు, ఒక్కటి వంకర పోయింది. నాకైతే తేడా తెలియలేదు. పెద్దాయన దాన్ని తల మధ్యలో తొలిచి, నెమ్మదిగా తీసి, మళ్లీ కొట్టారు. ఆ ఒక్కదానికి మిగతా అన్నిటికన్నా ఎక్కువ సేపు పట్టింది. ఆ తర్వాత రాలిన అల్యూమినియం తునకల్ని వాక్యూమ్‌తో మూలమూలా లాగేశారు. అయస్కాంతానికి అంటని లోహం కదా, ఒక్క తునక కంట్రోల్ తీగ చక్రంలో పడినా ముప్పే.

ఇప్పటిదాకా చెప్పింది బలం సంగతి. నన్ను కట్టిపడేసింది మాత్రం తర్వాతి మెట్టు.

నెత్తి మీద నిలబడే మాటల రేడియో పుల్ల ఉంది చూశారా, అది సగం యాంటెన్నా మాత్రమే. పావు అల పుల్ల ఒంటరిగా పని చేయదు; దాని రెండో సగం కింద ఉన్న రేకు. పుల్లలో కరెంటు పైకి పాకితే, రేకు మీద దానికి జోడుగా నలుదిక్కులా పరుచుకుంటుంది. అద్దంలో ప్రతిబింబంలా. దీన్ని గ్రౌండ్ ప్లేన్ అంటారు. అంటే విమానం యాంటెన్నాను మోస్తున్నదనుకోవడం పొరపాటు. విమానమే యాంటెన్నాలో ఒక భాగం. ఎంత ఖరీదు పెట్టి కొత్త పుల్ల తెచ్చినా, దాని పాదానికీ రేకుకూ మధ్య ఒక పొర పెయింటు మిగిలితే సగం యాంటెన్నాను బయట వదిలేసినట్టే.

అందుకే పాదం కింద పెయింటును, దాని కింది పూతను చిన్న గుండ్రటి మేర గీకి, నిగనిగలాడే లోహం దాకా వెళ్లారు. అల్యూమినియం గాలి తగిలిన క్షణాల్లో తన మీద కరెంటు పారని పొర అల్లుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి ఒక రసాయనం పూస్తారు; పూసిన కొద్ది నిమిషాల్లో తెల్లటి లోహం లేత బంగారు రంగుకు తిరుగుతుంది. ఆ రంగు తుప్పును ఆపుతుంది, కరెంటును ఆపదు. మావాడు ఆ రంగు తిరగడం చూస్తూ నిలబడ్డ తీరు, మా అమ్మ రంగు బానలో నూలు చిలపను తిప్పి తీసి వెలుగులో చూసినట్టే ఉంది. పాదం బిగించాక మిల్లీ ఓములు కొలిచే మీటరు తెచ్చాడు. పాదానికీ విమానం ఒంటికీ మధ్య నిరోధం 3 మిల్లీ ఓములు, అంటే ఓములో వెయ్యింట మూడు వంతులు, దాటకూడదన్నది అమెరికా విమానయాన సంస్థ మార్గదర్శిలో ఉన్న కొలత. మీటరు అంతకన్నా తక్కువే చూపింది. అయినా రెండుసార్లు చోటు మార్చి కొలిచాడు.

మరి రేకే లేని విమానాలకు? అవి మన దేశంలోనే బోలెడన్ని ఉండేవి. హెచ్ఏఎల్ తయారుచేసిన పుష్పక్ 1958లో మొదటిసారి ఎగిరింది, ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎందరో దాని మీద ఎగరడం నేర్చుకున్నారు. దాని ఒళ్లు ఉక్కు గొట్టాల చట్రం, దాని మీద గుడ్డ. నాకు ఇక్కడ ఆగి ఒక ముచ్చట చెప్పాలని ఉంది. 1903లో రైట్ సోదరులు ఎగిరిన విమానం రెక్కలకు కప్పింది పత్తి మస్లిన్ గుడ్డ. ఆ తర్వాత విమానాల కోసం ప్రత్యేకంగా నేసిన గ్రేడ్ ఏ పత్తి గుడ్డలో అంగుళానికి పడుగు 80 పోగులు, పేక 80 పోగులు. అంగుళం వెడల్పు పట్టీ 80 పౌన్ల బరువును తట్టుకోవాలి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పల మధ్య పెరిగినవాళ్లకు ఈ అంకెలు చెబితే కళ్లు మెరుస్తాయి. అట్లాంటి గుడ్డ విమానానికి నిలబడే పుల్ల బిగించాలంటే, దాని రెండో సగాన్ని మనమే చేసి పెట్టాలి: గుడ్డ లోపల, పుల్ల చుట్టూ, అల్యూమినియం రేకునో పట్టీలనో పరచాలి. అదే తోక మీది మీసానికి ఆ బాధ లేదు. దాని రెండు పుల్లలూ ఒకదానికొకటి జోడు, మూడో తోడు అక్కర్లేదు. అయితే జోడు పుల్లల నుంచి ఒంటి కేబుల్‌లోకి దిగేటప్పుడు బాలన్ అనే చిన్న తొడుగు లేకపోతే, కేబుల్ పైజడ కూడా తరంగాన్ని పట్టడం మొదలుపెట్టి సూదిని తప్పుదారి పట్టిస్తుంది. పాత విమానంలో బాలన్‌ను కేబుల్ ముక్కతోనే చేశారు. కొత్తగా మీసం బదులు తోకకు అటొకటి ఇటొకటి కత్తి ఆకారపు బిళ్లలు పెట్టారు. రెండిటి కేబుళ్లూ ఒకచోట కలిసే జోడింపు డబ్బా వాటితోనే వచ్చింది. మీసం ఒక దిక్కుకు బాగా, ఇంకో దిక్కుకు తక్కువగా వింటుంది. బిళ్లల జత చుట్టూ ఇంచుమించు సమంగా వింటుంది.

కేబుల్ గురించి మావాడు మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టం. తోక కొస నుంచి ముందు ప్యానెల్ దాకా ఇరవై అడుగులకు పైనే. పాతది ఆర్‌జీ-58: లోపల పాలిథీన్, చుట్టూ ఒక జడ, పైన పీవీసీ తొడుగు. కొత్తది ఆర్‌జీ-400: వెండి పూత పూసిన తీగలు, టెఫ్లాన్ లోపలి పొర, ఒకదాని మీద ఒకటిగా రెండు జడలు. పాతది ఎనభై డిగ్రీల వేడికి మెత్తబడే రకం, కొత్తది రెండు వందల డిగ్రీలు తట్టుకుంటుంది. అంతటి కేబుల్ మంచితనమంతా చివరి రెండు సెంటీమీటర్లలో నిలబడటమో పోవడమో జరుగుతుంది. అక్కడ కనెక్టర్ ఎక్కించాలి. బ్లేడు తొడుగును కోయాలి గానీ కింది జడను తాకకూడదు. జడను విడదీసి పువ్వులా విప్పాలి, ఒక్క వెంట్రుక కూడా లోపలికి మడవకూడదు. నడుమ తీగలో పందొమ్మిది పోగులు. ఒక్కటి తెగినా ఆ చివరను కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టాలి. పిన్ను బిగించి లోపలికి తోస్తే టిక్కుమని చిన్న చప్పుడు, వేలికి తెలిసేంత. ఆ చప్పుడు వినకుండా పై ఉంగరాన్ని నొక్కేసినవాళ్ల కనెక్టర్లు ఆరు నెలలకు వదులవుతాయని చెప్పాడు. నా ముందు ఒక చివరను రెండుసార్లు కోసి పారేశాడు. మూడోసారి టిక్కుమంది. వాడి మొహం చూడాల్సింది.

వంపు తిరిగే చోట కేబుల్ మందానికి పది రెట్లకు తగ్గకుండా వంపు, గోడ దాటే చోట రబ్బరు కమ్మి, యాంటెన్నా దగ్గరికి వచ్చేముందు కిందికి వేలాడే చిన్న మెలిక. ఆ మెలిక ఎందుకంటే, ఎప్పుడైనా నీరు దిగితే కేబుల్ వెంట పాకి కనెక్టర్‌లోకి పోకుండా అడుగున బొట్టుగా రాలిపోవడానికి. ఇంటి మిద్దె మీద టీవీ తీగకు కూడా తెలిసినవాళ్లు అట్లానే కిందికి వదిలేవారు.

జీపీఎస్ యాంటెన్నాది వేరే లోకం. నునుపైన తెల్లటి బిళ్ల, లోపల పింగాణీ పలక, దాని వెనకే చిన్న ఆంప్లిఫయర్. ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి ఉపగ్రహం పంపిన సంకేతం మన దగ్గరికి వచ్చేసరికి, ఒక వాటును నూరు కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. పక్కనే రెండు మూడు అడుగుల దూరంలో పైలట్ మాటల రేడియో పది వాట్లతో అరుస్తుంటుంది. ఇక్కడ ఒక గమ్మత్తయిన ప్రమాదం ఉంది. రేడియో 121.175 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడేటప్పుడు దాని పదమూడో రెట్టు 1575.275. జీపీఎస్ వినేది 1575.42. అడుగు దూరంలోకి వచ్చి నిలబడినట్టే. 131.275కు పన్నెండో రెట్టు కూడా అక్కడికే చేరుతుంది. అందుకని కొత్త యాంటెన్నా పెట్టాక, ఆ ఇరుగు పొరుగు అంకెల మీద ఒక్కోదానికి అర నిమిషం పైగా రేడియో మీట నొక్కి పట్టుకుని, జీపీఎస్ తెర మీద ఉపగ్రహాల గీతలు పడిపోతాయేమో చూస్తారు. మావాడు ఒక్కో అంకెకు వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. గీతలు కదల్లేదు.

ఇంత శ్రమ దేనికంటే, ఇప్పుడు ఆకాశంలో మన సొంత దారి ఒకటి ఉంది. ఇస్రో, భారత విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ. నేల మీది కేంద్రాలు జీపీఎస్‌లోని తప్పుల్ని లెక్కగట్టి పంపితే, జీశాట్ ఉపగ్రహాలు ఆ దిద్దుబాటును దేశమంతా చల్లుతాయి. 2013 డిసెంబర్ 30న దానికి దారి చూపేందుకు అనుమతి వచ్చింది, 2015 ఏప్రిల్‌లో దిగేటప్పుడు ఎత్తు కూడా చూపేందుకు వచ్చింది. 2022 ఏప్రిల్ 28న కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ ఒకటి దాని సాయంతో దిగింది. నేల మీద దిగే దారి చూపే ఖరీదైన ఐఎల్ఎస్ పరికరాలు లేని చిన్న విమానాశ్రయాలకు ఇది ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు. మన నేల మీద దీన్ని సాధించడం అమెరికాలో సాధించినంత సులువు కాలేదు. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దక్షిణపు కొస మీదుగా పోతుంది. సాయంత్రం పొద్దుగూకాక మన నెత్తిన అయనోస్ఫియర్ పొర కుతకుతలాడి సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది, చెదరగొడుతుంది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టే పనిలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన విభాగం వాళ్లు, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్లకేళ్లు శ్రమించారు. వాళ్ల లెక్కలు పాత సెస్నాకు ఉపయోగపడాలంటే, ఆ చివరి మూడు అడుగుల్లో ఎవరో ఒకరు పెయింటు సరిగ్గా గీకి ఉండాలి, టిక్కుమన్న చప్పుడు విని ఉండాలి. వింతగా తోచినా, ఆ పెద్ద లెక్కలకూ ఈ చిన్న చప్పుడుకూ నేను సమాన గౌరవమే ఇస్తాను.

నాలుగో రోజు పరీక్ష. నేల మీద సూది సరిచూశారు. తర్వాత పైలట్ ఒకరు విమానాన్ని పైకి తీసుకెళ్లి, దూరంగా ఉన్న వీఓఆర్ కేంద్రాన్ని పట్టి, నిదానంగా ఒక పూర్తి గుండ్రం తిరిగారు. విమానం తన ఒంటితోనే యాంటెన్నాకు అడ్డం వస్తుందేమో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మేమిద్దరం హ్యాంగర్ బయట నిలబడి ఉన్నాం. వాడు ఆకాశం కేసి చూడలేదు, చేతిలో గుడ్డతో పానాలు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో వాటి గుంటల్లో పెడుతున్నాడు. ప్రతి పానాకూ తన ఆకారపు గుంట; ఒక్క గుంట ఖాళీగా కనిపిస్తే విమానం కదలదు. విమానం దిగాక పైలట్ బొటనవేలు ఎత్తి చూపారు. వాడు తల ఊపి, రికార్డు పుస్తకంలో తీసిన బరువు, పెట్టిన బరువు, ఏది ఎంత దూరంలో కూర్చుందో గ్రాములతో సహా రాసుకున్నాడు.

చివరగా తోక మూత మిగిలింది. మూసేముందు నన్ను మళ్లీ వంగమన్నాడు. పాత తీగల కట్ట పక్కనే కొత్త కేబుల్ సాగిపోతోంది. దాని మీద తెల్లటి మైనపు దారపు ముడులు. టార్చి వెలుగును అటూ ఇటూ జరిపాక తెలిసింది: ఆ పేరు తెలియని మనిషి నలభై ఏళ్ల కిందట ఎక్కడెక్కడ ముడి వేశాడో, సరిగ్గా దాని పక్కనే, అంతే ఎడంలో, వీడూ వేశాడు. పసుపు ముడి, తెల్ల ముడి, పసుపు ముడి, తెల్ల ముడి, తోక చీకట్లోకి.

"ఆయప్ప కొలత బాగుండాది చిన్నాయనా, మార్చబుద్ధి కాలే" అని, మూత పెట్టి ఆరు మరలు బిగించాడు.